దవడ పళ్ల మధ్య పుచ్చుకి కాంపోజిట్: చేతిలో ఉన్న డబ్బుతో ముందు ఏం కొనాలి?

పొదిలి కుర్రడాక్టర్ అడిగారు:

అందరికీ నమస్తే. బీడీఎస్ అయ్యాక నెల్లూరులో ఒక క్లినిక్‌లో పనిచేసి, ఈ మధ్యే మా ఊరు పొదిలిలో ఒక్క కుర్చీతో సొంతంగా మొదలుపెట్టాను. ముందు పళ్లకి కాంపోజిట్, అంటే పంటి రంగు సిమెంట్, పెట్టడం బాగానే వస్తుంది. దవడ పళ్లలో నమిలే వైపు మాత్రమే ఉన్న చిన్న పుచ్చులకీ ఇబ్బంది లేదు. నా సందేహాలన్నీ రెండు దవడ పళ్ల మధ్య వచ్చే పుచ్చు గురించే, అంటే క్లాస్ టూ.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. పొగాకు వేలం నడిచే రోజుల్లో అయితే బేళ్లు అమ్ముడుపోయాక అటునుంచి అటే క్లినిక్‌కి వస్తారు. మళ్లీ రమ్మంటే రారు. ఒక్క సిట్టింగ్‌లో అయిపోవాలి. "ఆ నల్లగా ఉండే వెండి సిమెంట్ వద్దు సార్, పంటి రంగుదే పెట్టండి" అని వాళ్లే అడుగుతున్నారు.

నా దగ్గర ప్రస్తుతం టాఫిల్‌మైర్ హోల్డర్, పన్ను చుట్టూ బిగించే దాని బ్యాండ్లు, పళ్ల సందులో దూర్చే చెక్క వెడ్జ్‌లు, కాంపోజిట్‌ని గట్టిపరిచే ఒక మామూలు ఎల్ఈడీ లైట్, దాన్ని పంటికి అంటించే యూనివర్సల్ బాండ్ సీసా, ఎ2, ఎ3 రంగుల కాంపోజిట్ సిరంజిలు ఉన్నాయి. ఈ నెల ఏదో ఒకటే కొనగలను. సెక్షనల్ మ్యాట్రిక్స్ కిట్టా, ఒకేసారి మందంగా నింపే బల్క్ ఫిల్ కాంపోజిట్టా, కొత్త లైటా? రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ పరిచే రబ్బరు షీటు) కాలేజీలో వేశాం కానీ ఇక్కడ పేషెంట్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

ఇంకో సంగతి. వచ్చే వారం ఒకాయన రావాలి. ముప్పై నాలుగేళ్లు, కనిగిరి దగ్గర పల్లె. కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను, వెనక వైపు పుచ్చు. ఎక్స్‌రేలో పల్ప్‌కి (పంటి లోపలి నరానికి) దగ్గరగా కనపడుతోంది. దానంతట అది నొప్పి రావడం లేదు, చల్లనీళ్లు తాగితే జివ్వుమని వెంటనే తగ్గుతుంది. పుచ్చు అడుగు దాదాపు చిగురు అంచు దాకా దిగింది. పళ్లన్నీ ఫ్లోరైడ్ మచ్చలే, గోధుమరంగు, అక్కడక్కడా గుంటలు. అలాంటి ఎనామెల్‌కి (పంటి బయటి పొరకి) బాండ్ పట్టుకుంటుందా?

కావలి డాక్టరమ్మ రాశారు:

తమ్ముడూ, సెక్షనల్ మ్యాట్రిక్స్ కిట్ కొను. అంటే రింగులు, వంపు తిరిగిన చిన్న బ్యాండ్లు, వాటికి తగ్గ వెడ్జ్‌లు. రబ్బర్ డ్యామ్ షీట్లకీ, వాటిని పంటికి పట్టి ఉంచే నాలుగు క్లాంపులకీ పెద్ద ఖర్చేం కాదు, కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు. అది ఎలాగూ ఉండాలి. బల్క్ ఫిల్ ఆఖర్న. లైటు సంగతి కింద చెప్తాను.

కావలిలో కుర్చీ పక్కన నిలబడి నడుము అరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా. దవడ పళ్ల కాంపోజిట్ గురించి మందుల కంపెనీల మనుషులు మనకి మెటీరియల్ గురించే చెప్తారు, ఈ నానో, ఆ హైబ్రిడ్ అని. "సిమెంట్ పెట్టించుకున్న దగ్గర్నుంచి కూర ముక్క ఇరుక్కుంటోందమ్మా" అని వచ్చినవాళ్ల నోరు తెరిచి చూస్తే మాత్రం ఎక్కువసార్లు కనపడేది రెండే. పక్క పంటితో కాంటాక్ట్ లేకపోవడం, లేదంటే పెట్టేటప్పుడు అడుగున తడి ఉండటం. ఖరీదైన సిరంజి ఈ రెండింటినీ సరిచేయదు.

కాంటాక్ట్ ఎందుకు రాదో చూడు. అమాల్గమ్‌ని, అంటే ఆ వెండి సిమెంట్‌ని, గట్టిగా కూరితే అది బ్యాండును పక్క పంటి మీదికి తోస్తుంది. నువ్వు ఆలోచించకపోయినా కాంటాక్ట్ కొంతవరకు అదే వస్తుంది. కాంపోజిట్‌ని ఎంత నొక్కినా బ్యాండు కదలదు. బ్యాండు ఎక్కడుంటే గోడ అక్కడే గట్టిపడుతుంది. తర్వాత బ్యాండు బయటికి లాగితే దాని మందమంత సందు మిగులుతుంది. కాబట్టి కాంపోజిట్ పెట్టకముందే రెండు పళ్లనీ కొంచెం ఎడం చేసి ఉంచాలి. బ్యాండు తీశాక పళ్లు వెనక్కి వచ్చి ఆ సందు మూసుకుంటుంది. ఆ ఎడం చేసే పని వెడ్జ్ కొంత, రింగు ఎక్కువ చేస్తాయి. టాఫిల్‌మైర్ బ్యాండు పన్నంతా చుట్టుకుని బల్లపరుపుగా నిలబడుతుంది. దాంతో వచ్చిన గోడకి వంపు ఉండదు. కాంటాక్ట్ వచ్చినా పైన అంచు దగ్గర సన్నగా వస్తుంది, కొన్నాళ్లకి ఆ అంచు చిట్లుతుంది.

నేను డ్రిల్ చేయకముందే వెడ్జ్ పెడతాను. మత్తు ఎక్కగానే వెడ్జ్ గట్టిగా దిగ్గొట్టి, ఆ తర్వాతే బర్ పట్టుకుంటాను. నేను పుచ్చు తీసే సేపంతా పళ్లు జరుగుతూనే ఉంటాయి. కింద చిగురుకి, డ్యామ్ షీటుకి బర్ తగలకుండా అదే కాపు కాస్తుంది. పక్క పంటికి ఒక స్టీలు ముక్క అడ్డం పెట్టు. పుచ్చిన పన్ను బాగుచేస్తూ మంచి పంటికి గాటు పెట్టడం మన వృత్తిలో చాలా మామూలుగా జరిగేదే, ఎవరూ పైకి చెప్పరు.

బ్యాండు పెట్టాక అడుగు అంచు దగ్గర ప్రోబ్‌తో తడిమి చూడు. సందుంటే వెడ్జ్ సైజు మార్చు. వెడ్జ్ మరీ ఎత్తయినా కష్టమే, అది బ్యాండును లోపలికి నొక్కి కాంటాక్ట్ రావాల్సిన చోటే లొత్త పెడుతుంది. వెడ్జ్ సరిపోని వంకర చోట్ల నేను టెఫ్లాన్ టేప్ నలిపి కూరుతాను. ప్లంబింగ్ సామాన్ల షాపులో కొళాయిలకి చుట్టే తెల్ల టేపే. ఆటోక్లేవ్ చేసుకో. ఆ తర్వాత రింగు. బాక్స్, అంటే పళ్ల మధ్య మనం తవ్విన గుంట, మరీ వెడల్పయితే రింగు కాళ్లు లోపలికి జారి బ్యాండును నొక్కేస్తాయి. అలాంటప్పుడు సిలికాన్ తొడుగులున్న వెడల్పు కాళ్ల రింగు వాడాలి. కిట్ కొనేటప్పుడు అది ఉందో లేదో అడుగు. చివరగా గుండ్రటి బర్నిషర్‌తో లోపలినుంచి బ్యాండును పక్క పంటికి రుద్దు, వెనకున్న పన్ను గట్టిగా తగలాలి.

ఇక పొడి. మా కావలి సముద్రం పక్కన. గాల్లో తేమ ఎంతంటే కంప్రెసర్ ట్యాంకులో సాయంత్రానికి నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు, వాటితోపాటు మోటారు నూనె, గాలి ఊదే త్రీ వే సిరంజి గుండా సూటిగా నువ్వు ఆరబెడుతున్న పంటి మీదికే వస్తాయి. అక్కడ బాండ్ ఎలా పట్టుకుంటుంది? రోజూ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేయాలి. పొద్దున్నే సిరంజి గాలి అద్దం మీదికి ఊది చూడు. చుక్కలు, జిడ్డు మరక కనపడితే ఆరోజు ముందు కంప్రెసర్ సంగతి చూసుకో. పొదిలిలో గాలి పొడిగానే ఉంటుంది కానీ ఈ అలవాటు మంచిదే.

డ్యామ్ వేస్తే పేషెంట్లు ఒప్పుకోరనేది మన భయమే కానీ వాళ్లది కాదు. "నీళ్లు, మందు గొంతులోకి పోకుండా గుడ్డ కప్పుతున్నాను, మీరు ముక్కుతో గాలి పీల్చుకోండి, ఉమ్మి మింగొచ్చు, ఇబ్బందైతే చెయ్యెత్తండి" అని ముందే చెప్పు. సగంమంది నిద్రపోతారు. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు, బాగా ఆయాసపడేవాళ్లు వేరే. షీటుకి ఒక్క పంటి దగ్గరే కన్నం పెట్టకుండా ముందు కోర పన్ను దాకా తెరువు. లేకపోతే రింగుకి చోటుండదు.

బాండింగ్ సంగతి. ఎనామెల్ అంచుకి మాత్రం 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్, 15 నుంచి 30 సెకన్లు. డెంటిన్ (ఎనామెల్ కింది పొర) మీద కాస్త జారినా కంగారేం లేదు కానీ 15 సెకన్లు దాటనీయకు. బాగా కడుగు. డెంటిన్‌ని ఎండగట్టొద్దు, మెరుపు ఉండాలి, నీటి మడుగు ఉండకూడదు. యూనివర్సల్ బాండ్‌ని బ్రష్‌తో పూసి వదిలేయకుండా 20 సెకన్లు రుద్దాలి, ఆ తర్వాత అలలు ఆగేదాకా మెల్లగా గాలి ఊది అందులోని ద్రావకం ఎగిరిపోయాక లైటు పెట్టాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. సీసా మూత తెరిచి ఉంచావంటే మన ఎండలకి ఆ ద్రావకం సీసాలోనే ఎగిరిపోతుంది, మిగిలింది చిక్కటి జిగురు. ఎండాకాలం బాండ్, కాంపోజిట్ ఫ్రిజ్‌లో పెట్టు, వాడే ముందు గది వేడికి రానివ్వు. చల్లగా ఉన్నదాని మీద తేమ పడుతుంది.

ఇంకోటి తప్పకుండా అడుగు: పంట్లో లవంగ నూనె దూది పెట్టుకున్నారా? మన పల్లెల్లో పన్ను పోటెత్తితే అందరూ చేసేది అదే. లవంగ నూనెలో ఉండే యూజెనాల్ కాంపోజిట్‌ని సరిగా గట్టిపడనీయదు. యూజెనాల్ ఉన్న తాత్కాలిక సిమెంట్‌తోనూ ఇదే బాధ. నూనె తగిలిన డెంటిన్ పైపొరని బర్‌తో తీసి శుభ్రం చేశాకే బాండ్.

నింపేటప్పుడు ముందు బయటి గోడ కట్టు. బ్యాండుకి ఆనించి, మార్జినల్ రిడ్జ్ (నమిలే వైపు అంచున ఉండే గట్టు) పక్క పంటి రిడ్జ్‌తో సమానమైన ఎత్తులో, సన్నటి గోడ. దాన్ని లైటుతో క్యూర్ చేయగానే నీ క్లాస్ టూ కాస్తా క్లాస్ వన్, అంటే నమిలే వైపు మాత్రమే ఉన్న పుచ్చు, అయిపోతుంది. రింగు, బ్యాండు తీసేయొచ్చు, చూపు ఆనుతుంది, చెయ్యి ఆడుతుంది. గోడ కట్టేముందు అడుగున ఫ్లోవబుల్ (జారుడుగా ఉండే కాంపోజిట్) ఒక పల్చటి పూత వేస్తే మూలల్లో గాలి బుడగలు మిగలవు. ఆపైన 2 మి.మీ. దాటని పొరలు, ఒక్కో కస్ప్ (నమిలే వైపు ఉండే మొన) వైపు ఏటవాలుగా. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఎదురెదురు గోడలకి ఒకేసారి అంటించావంటే ఆ లాగుడుకి ఏదో ఒక గోడ దగ్గర వదిలేస్తుంది, లేదా బలహీనంగా ఉన్న కస్ప్ వంగుతుంది. కొరికితే చురుక్కుమనే నొప్పికి ఇదొక కారణం.

లైటు. కొత్తది కొనేముందు ఉన్నదాన్ని పరీక్షించు. జ్యూస్ తాగే స్ట్రా నుంచి ఎనిమిది మి.మీ. ముక్క కోసి కాంపోజిట్‌తో నింపి, పైనుంచి 20 సెకన్లు లైటు పెట్టు. స్ట్రా తీసేసి అడుగున మెత్తగా ఉన్నదాన్ని ప్లాస్టిక్ పుల్లతో గీకేసి, మిగిలిన గట్టి ముక్క పొడవు కొలిచి సగం చెయ్యి. ఆ సగం 2 మి.మీ. ఉంటే నీ పొరలకి నీ లైటు సరిపోతుంది. తక్కువైతే ముందు లైటు కొన చూడు, ఎండిపోయిన బాండ్ అంటుకుని ఉంటుంది. అది తీసేసినా తక్కువగానే ఉంటే అప్పుడు లైటు కొను, కిట్ వచ్చే నెల. బాక్స్ అడుగుకీ లైటు కొనకీ మధ్య ఆరేడు మి.మీ. దూరం ఉంటుందని మర్చిపోకు. అంత దూరంలో వెలుగు బాగా తగ్గిపోతుంది. మొదటి పొరకి సమయం రెట్టింపు చెయ్యి. బ్యాండు తీశాక బుగ్గ వైపు నుంచి, నాలుక వైపు నుంచి మళ్లీ పెట్టు. నారింజ రంగు కళ్లద్దాలు పెట్టుకుని పంటి మీద చూపు ఉంచు. గోడకేసి చూస్తూ లైటు పట్టుకుంటే వెలుగు పక్క పంటి మీద పడుతుంది.

రంగు, గాడులు, పాలిష్ గురించి రాయడం లేదు. అవి నీకు వచ్చు. పల్లె పేషెంటు వెనక పంటి గాడుల్ని ఎవరూ ఫొటో తీయరు.

ఒంగోలు రూట్‌కెనాల్ డాక్టర్ రాశారు:

మేడమ్ రాసినదాంతో తొంభై పాళ్లు ఏకీభవిస్తాను. బల్క్ ఫిల్ విషయంలో మాత్రం కాదు. రోజుకి ఇంతమందిని చూడాల్సిన ఒంటరి డాక్టర్‌కి 4 మి.మీ. ఒకేసారి నింపే సౌకర్యం చిన్నదేం కాదు. గోడ కట్టాక లోపల ఫ్లోవబుల్ బల్క్ ఫిల్ పోసి, పైన 2 మి.మీ. మామూలు కాంపోజిట్ మూత వేస్తే చాలు. పొరకీ పొరకీ మధ్య ఉమ్మి పడే అవకాశమూ తగ్గుతుంది. కాకపోతే 4 మి.మీ. అన్నారని కళ్లతో అంచనా వేయకూడదు. మి.మీ. గీతలుండే పీరియో ప్రోబ్‌తో లోతు కొలవాలి. అనుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

మీ కనిగిరి పేషెంటు గురించి. దానంతట నొప్పి లేదు, చల్లదనానికి వచ్చి వెంటనే పోతోంది అంటే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలోనే ఉందని అర్థం. కాబట్టి పల్ప్ మీదున్న పుచ్చంతా నున్నగా గీకేసే పని పెట్టుకోవద్దు. చుట్టూ అంచుల్లో మాత్రం గట్టి డెంటిన్, మంచి ఎనామెల్ వచ్చేదాకా శుభ్రం చేయండి. బాండ్ పట్టుకునేది, సీలు వేసేది అక్కడే. పల్ప్ పైన తోలులా ఉండే పొరని వదిలేయండి. అంచు గట్టిగా మూసుకుంటే లోపల మిగిలిన క్రిములకి తిండి అందదు. కాలేజీలో మనకి నేర్పిన "గట్టి శబ్దం వచ్చేదాకా గీకు" అనే పద్ధతి లోతు పుచ్చులకి ఇప్పుడు పనికిరాదు. రంగు పూసి చూసే డై కూడా లోతులో వద్దు. అది పల్ప్ దగ్గరి మంచి డెంటిన్‌కీ అంటుకుంటుంది, మీరు అనవసరంగా తవ్వుతారు.

అడుగు అంచు చిగురు దగ్గరన్నారు కదా. డ్యామ్, బ్యాండు, వెడ్జ్ కలిసి అక్కడ రక్తం రాకుండా ఆపగలిగితే మేడమ్ చెప్పినట్టే కాంపోజిట్. ఆపలేకపోతే పంతానికి పోవద్దు. అడుగున రెసిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ ఒక పొర పెట్టి దాని మీద కాంపోజిట్ పెట్టండి. అది తేమని కాస్త ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. ఆ అంచు ఎముకకి రెండు మి.మీ. కంటే దగ్గరైతే మాత్రం ఏ సిమెంటూ నిలవదు, చిగురు ఎప్పుడూ వాచే ఉంటుంది. ముందు క్రౌన్ లెంగ్తెనింగ్ (చిగురు, ఎముక తగ్గించే ఆపరేషన్) సంగతి మాట్లాడాలి.

మిగిలిన కస్ప్‌ల మందం కూడా కొలవండి. నమిలే బరువు మోసే కస్ప్ అడుగున 3 మి.మీ. కంటే పల్చగా ఉంటే నేను దాన్ని తగ్గించి కాంపోజిట్‌తో కప్పేస్తాను, లేదంటే ఆన్‌లే (బయట తయారుచేసి అతికించే కప్పు) చెప్తాను. మన వైపు జనం మాంసం ముక్కతోపాటు ఎముక కూడా వదలరు.

వెండి సిమెంట్‌ని మరీ అంత తీసిపారేయక్కర్లేదని కూడా అంటాను. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు ఆపేశారు, పాదరసం పర్యావరణానికి చేటు అని. మనమూ అటే పోతున్నాం. అయినా తడి ఆపలేని నోట్లో చెడ్డ కాంపోజిట్ కంటే మంచి అమాల్గమ్ ఎక్కువకాలం నిలబడేది, ఇది నిజం.

నెల్లూరు పేషెంట్ రాశారు:

డాక్టర్లు మాట్లాడుకునే చోట దూరినందుకు క్షమించాలి. నాకు పోయిన నెల పై దవడ పంటికి ఇలాంటిదే పెట్టారు, ఎక్కడో చెప్పను. అప్పటినుంచి చేపల పులుసు తింటే ఫర్వాలేదు, చికెన్ తింటే మాత్రం పీచు అక్కడే దూరుతోంది. పుల్లతో తీసుకుని తీసుకుని చిగురు వాచింది. అడిగితే "అలవాటవుతుంది" అన్నారు. నిజంగా అలవాటవుతుందా? అది కాక ఆ పన్నుతో గట్టిగా కొరికితే చురుక్కుమంటోంది.

కావలి డాక్టరమ్మ రాశారు:

అలవాటు కాదండీ. ఫ్లాస్ దారం ఆ సందులోకి దించి చూడండి. టక్కుమని చిన్న పట్టుతో దిగితే కాంటాక్ట్ ఉన్నట్టు. అడ్డం లేకుండా జారిపోతే లేనట్టు. లేకపోతే ఆ గోడ తీసి మళ్లీ కట్టాల్సిందే, మధ్యలో కాస్త కాంపోజిట్ అతికిస్తే నిలవదు. పుల్ల మానేయండి, ఫ్లాస్ గానీ చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ వాడండి. కొరికితే చురుక్కుమనడానికి ముందు చూడాల్సింది ఎత్తు. మత్తులో ఉన్నప్పుడు పేషెంటు సరిగ్గా కొరకలేరు, అందుకని కార్బన్ పేపర్ పరీక్ష అప్పుడు తప్పు చూపిస్తుంది. మత్తు దిగాక కూర్చోబెట్టి మళ్లీ కొరికించి చూడమని అడగండి, ఐదు నిమిషాల పని. ఎత్తు సరిచేశాక కూడా తగ్గకపోతే లోపల అడుగున వదిలేసి ఉండొచ్చు, లేదా పంట్లో పగులుండొచ్చు. నొప్పి రాత్రిళ్లు దానంతట అదే మొదలైతే ఆలస్యం చేయకండి. చూపించుకోవడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలనేం లేదు. చింతారెడ్డిపాలెంలో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది కదా.

ఒంగోలు డాక్టర్‌గారూ, బల్క్ ఫిల్ మీద మీతో గొడవ పెట్టుకోను. తమ్ముడి దగ్గర ఒక్కదానికే డబ్బుంది కాబట్టి అలా అన్నాను. రింగు లేకుండా బల్క్ ఫిల్ పెడితే పని తొందరగా అవుతుంది, సందు మాత్రం అలాగే ఉంటుంది.

కనిగిరి పళ్ల డాక్టర్ రాశారు:

ఫ్లోరైడ్ పళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మా దగ్గర ఇది రోజూ ఉండేదే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం. మా బోర్లలో చాలావాటిలో అంతకంటే ఎక్కువ ఉంది. పిల్లప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్లు ఇలా అవుతాయి. పెద్దయ్యాక ఆర్వో నీళ్లు తాగినా ఆ మచ్చలు పోవు.

ఈ ఎనామెల్ పైపొరలో ఖనిజం ఎక్కువ, యాసిడ్‌కి లొంగదు. దాని కిందేమో బోలుగా ఉంటుంది. అందుకని మామూలు పంటికి పెట్టినట్టు 15 సెకన్లు యాసిడ్ జెల్‌తో ఎట్చ్ చేస్తే తెల్లటి సుద్దలాంటి రంగు సరిగా రాదు. తేలికపాటి మచ్చలకైతే పెద్ద తేడా ఉండదు. ఈయనకి గోధుమరంగు, గుంటలు అంటున్నారు కాబట్టి మీరు బర్‌తో కోసిన అంచు మీదే ఆధారపడండి, కొయ్యని ఉపరితలం మీదికి కాంపోజిట్ జార్చకండి. బుగ్గ వైపు, నాలుక వైపు అంచులకి సన్నని డైమండ్ బర్‌తో చిన్న బెవెల్ (ఏటవాలు కోత) ఇచ్చి పైపొర తీసేయండి. ఎట్చింగ్ సమయం రెట్టింపు చేయండి, కడిగి ఆరబెట్టి చూడండి, సుద్ద రంగు రాని చోట మళ్లీ పెట్టండి. నేను గడియారం చూస్తాను కానీ రంగునే నమ్ముతాను. పొడిపొడిగా రాలుతున్న ఎనామెల్ అంచు ఉంటే మొహమాటపడకుండా తీసేయండి. బాండ్ దాన్ని పట్టుకుంటుంది కానీ అది పంటిని పట్టుకుని ఉండదు.

ఒక హెచ్చరిక. ఫ్లోరైడ్ ఉంటే పుచ్చు రాదనుకుని గుంటల్ని వదిలేయొద్దు. ఎనామెల్ చిట్లిన గుంటల్లో ఆహారం నిలిచి పుచ్చు బాగానే వస్తుంది. ఆ నల్లరంగు మచ్చో పుచ్చో చూపుతో తేల్చలేం. బైట్‌వింగ్ ఎక్స్‌రే తీసుకోండి.

పొదిలి కుర్రడాక్టర్ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. స్ట్రా పరీక్ష ఇవాళే చేశాను. మొదటిసారి గట్టి ముక్క మూడు మి.మీ. కూడా రాలేదు. మేడమ్ చెప్పినట్టు లైటు కొన మీద ఎండిన బాండ్ పొర ఉంది. అది తీసేసి చేస్తే నాలుగు మి.మీ. పైనే వచ్చింది. కాబట్టి డబ్బు మ్యాట్రిక్స్ కిట్‌కే.

ఒక్క సందేహం మిగిలింది. ఆయనకి జ్ఞానదంతం లేదు. డ్యామ్ క్లాంప్ రెండో పెద్ద దవడ పంటి మీదే వేయాలి. పుచ్చు ఆ రెండు పళ్ల మధ్యే. క్లాంప్ అక్కడుంటే రింగు కాళ్లు ఎలా కూర్చుంటాయి? బొమ్మ పళ్ల మీద ప్రయత్నిస్తే రింగు ఎగిరి పడింది.

కావలి డాక్టరమ్మ రాశారు:

రింగుని అటు తిప్పు. దాని నడుము భాగం వెనక క్లాంప్ వైపు కాకుండా ముందుకి, చిన్న దవడ పళ్ల వైపు ఉండేలా పెట్టు. కాళ్లు మాత్రమే సందు దగ్గర దిగుతాయి. రెక్కలు లేని క్లాంప్ అయితే ఇంకొంచెం చోటు దొరుకుతుంది. క్లాంప్‌ని కూడా పంటి మీద వీలైనంత వెనక్కి జరిపి కూర్చోబెట్టు. అప్పటికీ తగులుతుంటే డ్యామ్ సర్దుకున్నాక ముందు చిన్న దవడ పంటి దగ్గర ఫ్లాస్ ముడి వేసి షీటు పట్టి ఉంచు. ఆ తర్వాత రింగు పెట్టేంతసేపు క్లాంప్ తీసేసినా షీటు వెంటనే లేచిపోదు, వెడ్జ్ కూడా దాన్ని కిందికి తొక్కి పట్టుకునే ఉంటుంది. అప్పుడు సక్షన్ పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి, ఒక్కడివే చేయకు.

రింగు ఎగిరి పడకుండా, ఫోర్సెప్స్‌తో పట్టుకునేటప్పుడే రింగుకి ఫ్లాస్ కట్టి కొస బయటికి వదులు. బొమ్మ పళ్లు బిగుతుగా ఉంటాయి, జరగవు. వాటి మీద ఎగిరింది కదా అని భయపడకు, నోట్లో వెడ్జ్ ముందే పెట్టి కాసేపు ఉంచితే పళ్లు జరిగి కాళ్లు బాగానే దిగుతాయి. బ్యాండు మాత్రం పెద్ద సైజుది తీసుకో, ఆయన బాక్స్ చిగురు దాకా దిగింది కాబట్టి అడుగున పొడుగు తోక ఉన్న రకం కావాలి. కిట్‌లో అవి విడిగా అడిగితేనే ఇస్తారు.